తెల్లపొడి చేతిలో పెట్టి ఇదేంటో చెప్పమంటే

సంక్రాంతి సెలవులు అయిపోయాయో లేదో ఇంటర్ సెకండియర్ పిల్లలున్న ప్రతి ఇంట్లో ప్రాక్టికల్స్ టెన్షన్ మొదలవుద్ది. మా అక్క కూతురు ఎంపీసీ. మొన్న వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది, రికార్డులో సాల్ట్ అనాలిసిస్ (ఇచ్చిన సాల్ట్ ఏంటో టెస్టులతో కనిపెట్టడం) టేబుల్, ఎక్స్‌పెరిమెంట్, అబ్జర్వేషన్, ఇన్ఫరెన్స్ అని మూడు గళ్ళు, పేజీలకి పేజీలు, కింద ఒకటే మెసేజ్: "మావయ్యా, ఇదంతా బట్టీ పట్టాలా, షార్ట్‌కట్ ఏమన్నా ఉందా?" నేను ఫార్మా కంపెనీలో క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్) చేస్తా కాబట్టి మా ఇంట్లో కెమిస్ట్రీ అనే మాట వినపడితే చాలు అందరూ నా వైపే చూస్తారు. ఫోన్లో చెప్పడం మొదలెట్టా, ఎంతకీ తెగట్లా, వాళ్ళ హాస్టల్లో ఫోన్ టైం అయిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నా, దానికీ పనికొస్తది, ఇంకెవరన్నా చదువుకున్నా సంతోషమే.

షార్ట్‌కట్ ఉందా అంటే ఉంది, అది అందరికీ తెలిసిందే. నీలం స్ఫటికాలైతే కాపర్ సల్ఫేట్, లేత ఆకుపచ్చవైతే ఫెర్రస్, కాస్త చిక్కటి ఆకుపచ్చ అయితే నికెల్, గులాబీ అయితే కోబాల్ట్, ఉందా లేదా అన్నంత లేత గులాబీ అయితే మాంగనీస్, వెనిగర్ వాసనొస్తే ఎసిటేట్. ల్యాబ్ అటెండర్‌ని అన్నా అన్నా అని కాస్త మంచి చేసుకుంటే మిగతాది ఆయనే కళ్ళతో సైగ చేస్తాడని మా సీనియర్లు చెప్పేవాళ్ళు. ప్రాక్టికల్స్‌కి ఉండేది 30 మార్కులు, చాలా కాలేజీల్లో ల్యాబ్ తాళం తీసేది పరీక్ష ముందు కొన్ని రోజులే, ఎంసెట్ మెయిన్స్ గోలలో దీనికెవడు టైం ఇస్తాడు అని లెక్చరర్లే అంటారు. తప్పు పిల్లలది అనను నేను.

కానీ ఆ షార్ట్‌కట్ రంగున్న సాల్టుల దగ్గరే ఆగిపోద్ది. అమ్మోనియం క్లోరైడ్ తెలుపే, బేరియం క్లోరైడ్ తెలుపే, స్ట్రాన్షియం నైట్రేట్, లెడ్ నైట్రేట్, జింక్ సల్ఫేట్, అల్యూమినియం సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం కార్బొనేట్ అన్నీ తెలుపే. పక్కపక్కన పెడితే నేనే చెప్పలేను ఏది ఏంటో. ఆ వాచ్‌గ్లాసులో చెంచాడు పొడి ఏంటో కంటికి తెలియదు, దాన్ని ప్రశ్నలడగాలి. టేబుల్లో ఉన్న ప్రతి టెస్టూ ఒక ప్రశ్న, ఆ ప్రశ్నలకి ఒక వరస ఉంది, ఆ వరస ఎందుకలా ఉందో తెలిస్తే బట్టీ పట్టాల్సింది సగానికి సగం తగ్గిపోద్ది. ఇంకో విషయం, ఆ సాల్ట్ "కాదు" అని చెప్పిన జవాబు కూడా "అవును" అన్నదానికి ఏమాత్రం తీసిపోదు. మనవాళ్ళు ఏమీ రాకపోతే టెస్ట్ ఫెయిలయిందని మొహం వేలాడేస్తారు. ఏమీ రాలేదంటే ఒక గుంపు మొత్తం కొట్టేసినట్టేగా.

ప్రతి సాల్ట్‌లో రెండు భాగాలుంటాయి, నెగటివ్ ఛార్జ్ ఉన్నది ఆనయాన్, పాజిటివ్ ఛార్జ్ ఉన్నది కేటయాన్. ముందు ఆనయాన్‌తో మొదలెడదాం. మొదటి ప్రశ్న సజల హైడ్రోక్లోరిక్ ఆసిడ్. అంటే బలం తక్కువ ఆసిడ్ పోసి, ఇంత చిన్న దెబ్బకే గ్యాస్‌గా లేచిపోయే ఆనయాన్ నీలో ఉందా అని అడుగుతున్నాం. కార్బొనేట్ అయితే బుసబుసా పొంగుద్ది, సల్ఫైడ్ అయితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, సల్ఫైట్ అయితే గంధకం కాల్చిన ఘాటు, నైట్రైట్ అయితే గోధుమరంగు పొగ. ఏ చప్పుడూ లేకపోతే వీటన్నిటినీ పక్కన పెట్టి, అప్పుడు గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ దగ్గరికి వెళ్ళాలి. ఆ వరస తిప్పేస్తే, అంటే ముందే గాఢ ఆసిడ్ పోసేస్తే, బలహీనమైనవీ బలమైనవీ అన్నీ ఒకేసారి లేస్తాయి, ఏది ఎవరిదో తేలదు.

పొంగింది కదా అని వెంటనే కార్బొనేట్ అని రాసేస్తారు పిల్లలు. ఆ గ్యాస్‌ని సున్నపు తేటలోకి పంపాలి, తేట తెల్లబడాలి. ఇక్కడే చిన్న తిరకాసు ఉంది, సల్ఫర్ డయాక్సైడ్ పంపినా సున్నపు తేట తెల్లబడుద్ది, కార్బొనేట్ బదులు కాల్షియం సల్ఫైట్ పేరుకుంటది అంతే తేడా. కాబట్టి సున్నపు తేట ఒక్కటే నమ్ముకుంటే సల్ఫైట్‌ని కార్బొనేట్ అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఆసిడ్ కలిపిన పొటాషియం డైక్రోమేట్‌లో ముంచిన కాగితం ముక్క ట్యూబ్ మూతి దగ్గర పెడతారు, నారింజ రంగు ఆకుపచ్చకి తిరిగితే సల్ఫర్ డయాక్సైడ్, తిరగకపోతే నిశ్చింతగా కార్బన్ డయాక్సైడ్ అనుకోవచ్చు. ఇంకా గ్యాస్ పంపుతూనే ఉంటే తెల్లబడ్డ తేట మళ్ళీ తేటపడుద్ది, బైకార్బొనేట్ అయ్యి కరిగిపోద్ది. వైవాలో ఇది అడగని ఎగ్జామినర్ ఉండడు, రాసి పెట్టుకో.

మిగతా గ్యాసులు ఒక ముక్కలో చెప్పేస్తా. హైడ్రోజన్‌కి అగ్గిపుల్ల చూపిస్తే టప్‌మంటది, ఆక్సిజన్‌లో ఆరిపోబోతున్న పుల్ల మళ్ళీ అంటుకుంటది, అమ్మోనియా తడి ఎర్ర లిట్మస్‌ని నీలం చేస్తది, క్లోరిన్ తడి లిట్మస్ రంగే లాగేస్తది. ఇవి టెన్త్ నుంచి ఉన్నవే.

హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి మాత్రం కాస్త ఆగాలి. లెడ్ ఎసిటేట్ కాగితం నల్లబడితే అదే. వాసన భరించలేం కానీ అసలు భయపడాల్సింది వాసన రానప్పుడు. గాల్లో 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) దాటే సరికి ముక్కుకి ఆ వాసన పట్టే శక్తి పోద్ది, పోయిందిలే అనుకుంటాం, అది మాత్రం అక్కడే ఉంటది. పాత డిగ్రీ కాలేజీల్లో ఒక మూల కిప్స్ ఆపరేటస్ అని మూడు గాజు బుడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉండేది, డచ్చాయన కిప్ 1844లో తయారు చేసింది, లోపల ఐరన్ సల్ఫైడ్ ముక్కలు, ఆసిడ్, ట్యాప్ తిప్పితే గ్యాస్, కట్టేస్తే గ్యాస్ ఒత్తిడికి ఆసిడ్ వెనక్కి పోయి తయారీ దానంతట అదే ఆగిపోద్ది. భలే తెలివైన వస్తువు. ఆ గది కిటికీలు ఎండాకాలమైనా వానాకాలమైనా తెరిచే ఉండాలి. ఏ గ్యాస్ అయినా ట్యూబ్ మీద ముక్కు పెట్టి పీల్చేది కాదు, చేత్తో మన వైపు విసురుకోవాలి, ట్యూబ్ మూతి ఎప్పుడూ మనిషి లేని వైపే ఉండాలి. పక్క బెంచీలో ఫ్రెండ్ ఉంది కదా అని ఇటు తిరిగి మాట్లాడుతూ వేడి చేయకు తల్లీ.

ఇక గాఢ సల్ఫ్యూరిక్. క్లోరైడ్ అయితే ఘాటైన తెల్లటి పొగలు, అమ్మోనియం హైడ్రాక్సైడ్‌లో ముంచిన గాజు కడ్డీ దగ్గర పెడితే దట్టంగా చిక్కబడతాయి. అయోడైడ్ అయితే ఊదారంగు, స్టార్చ్ కాగితం నీలం అవుద్ది, దీని దగ్గర పొరబడటం కష్టం. తికమక పడేది బ్రోమైడ్, నైట్రేట్ దగ్గర. రెండూ గోధుమరంగు పొగే. బ్రోమైడ్‌ది కాస్త ఎరుపెక్కువ అంటారు గానీ ట్యూబ్‌లైట్ వెలుతురులో ఎరుపెంతో గోధుమెంతో ఎవడికి తెలుస్తది. నైట్రేట్ అయితే కాపర్ ముక్కలు వేస్తే పొగ ఒక్కసారిగా చిక్కబడుద్ది, ద్రవం నీలం తిరుగుద్ది. ఇంకా అనుమానంగా ఉంటే ఆ పొగని కాసిని నీళ్ళలోకి పంపితే బ్రోమిన్ నీళ్ళకి తన రంగు ఇస్తది, నైట్రోజన్ డయాక్సైడ్ కరిగినా నీళ్ళు రంగు లేకుండానే ఉంటాయి.

నైట్రేట్ అనుకున్నాక ఉంగరం. అదే, బ్రౌన్ రింగ్ టెస్ట్. సాల్ట్ ద్రావణంలో అప్పటికప్పుడు కలిపిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం పొయ్యాలి. నిన్నటిది పనికిరాదు, గాలి తగిలి ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అయిపోయి పసుపు తిరిగిపోయి ఉంటది. తర్వాత ట్యూబ్‌ని వాలుగా పట్టుకుని గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌ని గోడ వెంట చుక్కచుక్కగా జారనివ్వాలి. ఆ ఆసిడ్ నీళ్ళకంటే దాదాపు 1.84 రెట్లు బరువు, అందుకని కలవకుండా కిందికి దిగి అడుగున వేరే పొరగా కూర్చుంటది. ఆ రెండు పొరలు తగిలే చోట, అక్కడ మాత్రమే, ఫెర్రస్ వెళ్ళి నైట్రేట్‌ని నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చుద్ది, ఆ నైట్రిక్ ఆక్సైడ్ మిగిలిన ఫెర్రస్‌తో జత కట్టి గోధుమరంగు కాంప్లెక్స్ అవుద్ది. సన్నటి గీతలా మొదలయ్యి, కదపకుండా స్టాండులో పెడితే మెల్లగా మందం అవుద్ది. ట్యూబ్ ఊపామా, అడుగున ఆసిడ్ నీళ్ళతో కలిసి వేడెక్కుద్ది, ఆ కాంప్లెక్స్ వేడికి ఆగదు, విడిపోయి నైట్రిక్ ఆక్సైడ్ గాల్లోకి పోద్ది, ఉంగరం మాయం. ఎగ్జామినర్ వచ్చేదాకా ట్యూబ్ చేతిలో పట్టుకుని నిలబడే పిల్లలున్నారు, చెయ్యి వణుకుద్ది, ఉంగరం పోద్ది, సార్ ఇందాక వచ్చింది సార్ అంటారు. స్టాండులో పెట్టి పిలవండమ్మా.

సిల్వర్ నైట్రేట్ గురించి చెప్పకపోతే నా ఉద్యోగానికే అవమానం. క్లోరైడ్‌తో తెల్లటి అవక్షేపం (ద్రావణంలో కరగకుండా దిగే పదార్థం) ముద్దముద్దగా విరుగుద్ది, అమ్మోనియం హైడ్రాక్సైడ్ పోస్తే ఇట్టే కరుగుద్ది. బ్రోమైడ్‌ది లేత పసుపు, కరగడానికి మొరాయిస్తది. అయోడైడ్‌ది పసుపు, అసలు కరగదు. బాగానే ఉంది. మరి ఒక బ్యాచ్‌లో అందరికీ క్లోరైడ్ వస్తే? నేను డిగ్రీ చదివేటప్పుడు మా ల్యాబ్‌లో ఇది మామూలే, డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఖాళీ అయితే ఎవడో ఒకడు ట్యాప్ నీళ్ళు పట్టి పెట్టేవాడు. మన బోరు నీళ్ళలో క్లోరైడ్ లేకుండా ఎక్కడుంటది, తాగే నీళ్ళకే లీటరుకి 250 మిల్లీగ్రాముల దాకా పర్లేదంటుంది మన ఇండియన్ స్టాండర్డ్. అందులో సిల్వర్ నైట్రేట్ చుక్క పడితే తెల్లబడక ఏమవుద్ది. సల్ఫేట్ సాల్ట్ తీసుకున్నవాడికీ క్లోరైడే, నైట్రేట్ తీసుకున్నవాడికీ క్లోరైడే. దీనికి మందు చాలా చవక. సాల్ట్ వెయ్యకుండా వట్టి నీళ్ళలోనే అదే టెస్ట్ ఒకసారి చేసి చూడు. దాన్నే బ్లాంక్ అంటారు. మా క్యూసీలో బ్లాంక్ లేకుండా రిజల్ట్ పట్టుకెళ్తే మేనేజర్ కాగితం కూడా చూడడు. ఇంటర్ రికార్డులో మాత్రం ఎక్కడా ఉండదు, నాకు అదే కడుపుమంట.

ఆ టెస్ట్‌కి ముందు కలిపే ఆసిడ్ కూడా నైట్రిక్కే ఎందుకో చూడు. హైడ్రోక్లోరిక్ పోస్తే మనమే క్లోరైడ్ పోసినట్టు. సల్ఫేట్‌కి బేరియం క్లోరైడ్ టెస్ట్ చేసేటప్పుడు సల్ఫ్యూరిక్ పోస్తే మనమే సల్ఫేట్ పోసినట్టు. మరి ఆసిడ్ ఎందుకసలు అంటే, సోడియం కార్బొనేట్ ఎక్స్‌ట్రాక్ట్ (సాల్ట్‌ని సోడియం కార్బొనేట్‌తో మరిగించి వడకట్టిన నీళ్ళు) వాడుతున్నాంగా, అందులో మిగిలిపోయిన కార్బొనేట్ ఉంటది, అది సిల్వర్‌తోనూ బేరియంతోనూ తెల్లగా దిగిపోద్ది. ఆసిడ్ పోసి, బుడగలు పూర్తిగా ఆగేదాకా ఆగి, అప్పుడు చెయ్యాలి. టేబుల్లో ప్రతి చుక్క వెనకా ఇలాంటి కారణం ఒకటి ఉంది, పిల్లలకి చుక్కలు చెప్తారు, కారణం చెప్పరు.

కేటయాన్ల దగ్గరికొద్దాం, గ్రూపులు అనగానే భయపడేది ఇక్కడే. ఒకే రీఏజెంట్‌కి కలిసి దిగే కేటయాన్లన్నీ ఒక గ్రూప్, అంతే. అసలు ఇంత పద్ధతిగా ఒక దారి వేసింది జర్మనీలో ఫ్రెజీనియస్ అనే ఆయన, 1841లో ఈ విధానం మీద పుస్తకం వేసేటప్పటికి ఆయనకి 22 ఏళ్ళు. మన పిల్లలు ఆ వయసుకి సప్లీలు రాస్తుంటారు అని నేను అనను, నేనూ రాశా. ఆయన వేసిన దారిలోనే ఇప్పటికీ ఇంటర్ రికార్డులు నడుస్తున్నాయి.

ముందు అమ్మోనియం చూడాలి, జీరో గ్రూప్. సోడియం హైడ్రాక్సైడ్ పోసి వేడి చేస్తే అమ్మోనియా వాసన, నెస్లర్స్ రీఏజెంట్‌తో గోధుమరంగు. ఇదే ముందెందుకంటే, తర్వాత మూడో గ్రూపులో మనమే అమ్మోనియం క్లోరైడ్, అమ్మోనియం హైడ్రాక్సైడ్ పోస్తాం. అప్పుడు చూస్తే ప్రతి సాల్ట్‌లోనూ అమ్మోనియం ఉంటది.

తర్వాత ఒకటో గ్రూప్, సజల హైడ్రోక్లోరిక్. ఇంటర్‌లో వచ్చేది లెడ్. రెండో గ్రూప్ అదే ఆసిడ్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్, కాపర్‌కి నలుపు, కాడ్మియంకి పసుపు. నాలుగో గ్రూప్ కూడా హైడ్రోజన్ సల్ఫైడే, కాకపోతే ఈసారి అమ్మోనియా ఉంటది, జింక్‌కి తెలుపు, మాంగనీస్‌కి లేత కండరంగు, నికెల్ కోబాల్ట్‌లకి నలుపు. ఒకే గ్యాస్ రెండుసార్లు ఎందుకు పంపుతున్నాం అని మా అక్క కూతురే అడిగింది, మంచి ప్రశ్న. ఆసిడ్ ఉన్నప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ నోరు కట్టేసినట్టే, సల్ఫైడ్ అయాన్లని చాలా తక్కువ వదులుద్ది. ఆ కాస్తకే దిగిపోయేవి కాపర్ లాంటివి. కాపర్ సల్ఫైడ్ సాల్యుబిలిటీ ప్రోడక్ట్ (ఇది ఎంత చిన్నదైతే అంత తేలిగ్గా దిగుద్ది) పది పవర్ మైనస్ 36 దరిదాపుల్లో, జింక్ సల్ఫైడ్‌ది మైనస్ 24 దరిదాపుల్లో, మధ్యలో తేడా లక్ష కోట్ల రెట్లు. అందుకే ఆసిడ్‌లో కాపర్ దిగిపోతే జింక్ హాయిగా కరిగే ఉంటది. అమ్మోనియా పోశాక ఆసిడ్ పోయి సల్ఫైడ్ అయాన్లు బోలెడు వస్తాయి, అప్పుడు జింక్‌కి దిగక తప్పదు. కామన్ అయాన్ ఎఫెక్ట్ అని ఫస్టియర్‌లో బట్టీ పట్టిందే ఇది. థియరీ ఒక పీరియడ్‌లో, ప్రాక్టికల్ ఇంకో పీరియడ్‌లో, ఆ రెండూ ఒకటే అని చెప్పేవాడు ఉండడు.

మూడో గ్రూపులోనూ అదే ఆట. అమ్మోనియం క్లోరైడ్ ముందు, అమ్మోనియం హైడ్రాక్సైడ్ తర్వాత. ముందు పోసిన అమ్మోనియం క్లోరైడ్, హైడ్రాక్సైడ్ అయాన్లని అణిచి పెడుద్ది, ఆ తక్కువ మోతాదుకి ఐరన్, అల్యూమినియం దిగుతాయి, మెగ్నీషియం, జింక్, మాంగనీస్ దిగవు. వరస తిప్పితే అవి కూడా ఇక్కడే దిగిపోయి అల్యూమినియంలా నటిస్తాయి. ఫెర్రస్ సాల్ట్ అయితే ఇంకో మెలిక, ముందు ద్రావణాన్ని బాగా మరిగించి హైడ్రోజన్ సల్ఫైడ్ మొత్తం పోగొట్టి, గాఢ నైట్రిక్ ఆసిడ్ చుక్కలు వేసి మళ్ళీ వేడి చెయ్యాలి, ఫెర్రస్ ఫెర్రిక్ అయితేనే ఇక్కడ పూర్తిగా దిగుద్ది. ఐరన్‌ది ఇటుకరంగు గోధుమ, దూరం నుంచే తెలుస్తది. అల్యూమినియంది చూడటానికి ఓపిక కావాలి, నానబెట్టిన సబ్జా గింజ చుట్టూ ఉండే జిగురులా ఉంటది, వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే తప్ప కనపడదు, చాలామంది ఏమీ రాలేదనుకుని పారబోసేది దీన్నే.

లెడ్ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే నాకు ఇష్టం. లెడ్ క్లోరైడ్ నీళ్ళలో కొద్దోగొప్పో కరుగుద్ది, అందుకే ఒకటో గ్రూపులో పూర్తిగా దిగకుండా కొంత తప్పించుకుని రెండో గ్రూపులో నల్లగా మళ్ళీ ప్రత్యక్షమవుద్ది. ఒకే సాల్ట్ రెండు గ్రూపుల్లో వచ్చిందేంటి అని కంగారు పడొద్దు. ఒకటో గ్రూప్ తెల్ల అవక్షేపాన్ని వేడి నీళ్ళలో కరిగించి పొటాషియం అయోడైడ్ వేస్తే పసుపుపచ్చగా దిగుద్ది. అక్కడితో ఆపేస్తారు అందరూ. ఆపొద్దు. ఇంకాసిని నీళ్ళు పోసి మరిగించు, పసుపంతా కరిగి తేటనీళ్ళలా అయిపోద్ది. అప్పుడు ట్యూబ్‌ని ట్యాప్ కింద మెల్లగా చల్లార్చు. ఎక్కడినుంచో బంగారు రేకులు పుట్టుకొస్తాయి, సన్నసన్నగా, తళతళా మెరుస్తూ, ట్యూబ్ తిప్పితే అటూ ఇటూ తిరుగుతూ. గోల్డెన్ స్పాంగిల్స్ అంటారు. కెమిస్ట్రీ తీసుకున్నందుకు నాకు బాధ లేకుండా చేసిన టెస్ట్ ఇది. లెడ్ విషం కదా, అది సింకులో పొయ్యకుండా వేరే బాటిల్లో పోసి చేతులు కడుక్కోవడం మర్చిపోవద్దు.

ఐదో గ్రూపులో అమ్మోనియం కార్బొనేట్‌కి బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం మూడూ తెల్లగానే దిగుతాయి. వాటిని విడదీయడానికి బేరియంకి పొటాషియం క్రోమేట్, స్ట్రాన్షియంకి అమ్మోనియం సల్ఫేట్, కాల్షియంకి అమ్మోనియం ఆక్సలేట్, ఇదే వరసలో. దీనికంటే ముందే మంట చెప్పేస్తది, జ్వాలా పరీక్ష. సాల్ట్‌ని గాఢ హైడ్రోక్లోరిక్‌తో ముద్ద చేసి తీగ మీద పెట్టి బన్సెన్ బర్నర్ నీలిమంటలో చూపిస్తే కాల్షియం ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం చిక్కటి ఎరుపు, బేరియం లేత ఆకుపచ్చ, కాపర్ నీలం కలిసిన ఆకుపచ్చ. హైడ్రోక్లోరిక్ ఎందుకంటే క్లోరైడ్లు తొందరగా ఆవిరవుతాయి. దీపావళికి ఆకాశంలో కనపడే రంగులూ ఇవే, 2018లో సుప్రీంకోర్టు టపాసుల్లో బేరియం వాడొద్దనేదాకా ఆకుపచ్చ అంటే బేరియమే.

మంటలో తలనొప్పి సోడియం. ఎక్కడ చూసినా అదే, చేతి చెమటలో ఉంటది, గాజులో ఉంటది, దుమ్ములో ఉంటది. జర్మన్ శాస్త్రవేత్తలు బన్సెన్, కిర్కాఫ్ స్పెక్ట్రోస్కోప్ (వెలుతురుని రంగుల గీతలుగా విడదీసే పరికరం) పెట్టి చూసిన రోజుల్లో గది ఒక మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేట్ పేలిస్తే రెండో మూల మంటలో పసుపు గీత వచ్చింది. అంత సున్నితం అన్నమాట. అందుకే తీగని హైడ్రోక్లోరిక్‌లో ముంచి, మంటలో పెట్టి, మళ్ళీ ముంచి, మంటకి ఏ రంగూ రానంతవరకూ శుభ్రం చెయ్యాలి. పొటాషియం లేత ఊదారంగు ఆ పసుపు కింద పడి కనపడకుండా పోద్ది, నీలం కోబాల్ట్ గాజులోంచి చూస్తే పసుపుని గాజు మింగేసి ఊదా బయటపడుద్ది.

ఈ పసుపు గీతకి మా గుంటూరుకి ఒక సంబంధం ఉంది, చెప్పకుండా ఉండలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం, దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త వచ్చి గుంటూరులో స్పెక్ట్రోస్కోప్ బిగించుకుని కూర్చున్నాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్లో ఆయనకి మెరిసే గీతలు కనపడ్డాయి, అవెంత స్పష్టంగా ఉన్నాయంటే మర్నాడు గ్రహణం లేకుండానే మళ్ళీ చూశాడు. ఆ జ్వాలల్లో ఒక పసుపు గీత ఉంది, పసుపంటే సోడియమే అనుకోవడం సహజం. అదే ఏడాది ఇంగ్లండ్‌లో లాకియర్ కొలిచి చూస్తే అది సోడియం గీతల పక్కనే ఉంది గానీ సరిగ్గా వాటి మీద లేదు. సోడియంవి 589 నానోమీటర్ల దగ్గర, ఇది 587 చిల్లర. ఆ కాస్త తేడా దగ్గర ఆగి ఇది సోడియం కాదు అన్నారు, అదే హీలియం. భూమ్మీద అది దొరికింది 1895లో, రామ్సే చేతికి. ఆకాశంలో సాల్ట్ అనాలిసిస్ చేసినట్టే లెక్క. మా ఊళ్ళో మిరపకాయల గురించి చెప్పినంత గట్టిగా ఇది ఎవరూ చెప్పరు.

ఇదంతా ఇంటర్ అయ్యాక ఎందుకు పనికొస్తది అని అడిగేవాళ్ళకి నా ఉద్యోగం చెప్తా. షుగర్ ఉన్న ఇంట్లో మెట్‌ఫార్మిన్ టాబ్లెట్లు ఉంటాయిగా, ఆ పేరు వెనక హైడ్రోక్లోరైడ్ అని ఉంటది. ఆ ముడిసరుకు కంపెనీలోకి వచ్చాక అది అదేనా కాదా అని తేల్చడానికి మా దగ్గర లక్షలు పోసి కొన్న ఐఆర్, హెచ్‌పీఎల్‌సీ మెషీన్లు ఉన్నాయి. వాటి పక్కనే ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల పుస్తకం) ఐడెంటిఫికేషన్ కింద క్లోరైడ్ టెస్ట్ కూడా ఉంటది, నైట్రిక్ ఆసిడ్, సిల్వర్ నైట్రేట్, తెల్లటి అవక్షేపం, అమ్మోనియాలో కరగాలి, అచ్చం ఇంటర్ రికార్డే. అన్ని మెషీన్లుండగా ఇదెందుకు అనుకున్నా చేరిన కొత్తలో. హెచ్‌పీఎల్‌సీ మెట్‌ఫార్మిన్ భాగాన్ని చూస్తది, దాని జతగా వచ్చింది క్లోరైడా ఇంకోటా అనేది దానికి పట్టదు. డైక్లోఫెనాక్ సోడియంలో సోడియంకీ అంతే, వేరే టెస్ట్ చేసి తేల్చాలి. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన ఎంఎస్సీ పిల్లలు మెషీన్ సాఫ్ట్‌వేర్ చకచకా నడిపేస్తారు, టెస్ట్ ట్యూబ్ ఇచ్చి అవక్షేపం కరిగిందా లేదా చెప్పమంటే అటూ ఇటూ చూస్తారు.

ఒక హెచ్చరిక. ఇవన్నీ చదివి ఇంట్లో ప్రయోగాలు చేస్తామంటే పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం, కిళ్ళీ సున్నం తేట, వంటసోడా, నిమ్మకాయ దగ్గర ఆగండి. పసుపు కాగితం సున్నానికి ఎర్రబడుద్ది, స్ట్రాతో ఊదితే సున్నపు తేట తెల్లబడుద్ది, అవి చాలు. సున్నపు తేట ఊదాలే గానీ పీల్చకూడదు, నోట్లోకి పోతే కాలుద్ది. బాత్‌రూం ఆసిడూ బ్లీచింగ్ పౌడరూ మాత్రం పొరపాటున కూడా కలపొద్దు, వచ్చేది క్లోరిన్, చిన్న బాత్‌రూంలో తలుపేసుకుని ఉంటే ఊపిరి ఆడదు.

ఇది సగం రాసి ఉంచగా నిన్న మా అక్క కూతురు ఫోన్, "మావయ్యా, అన్ని గ్రూపులూ చూశా, ఏదీ రాలేదు, నాకు సాల్టే ఇవ్వలేదేమో." ఐదు గ్రూపులూ కాదన్నాయంటే మిగిలింది ఆరోది, మెగ్నీషియం, ఇందాక చెప్పిన "కాదు" జవాబుల విలువ అదే. అమ్మోనియం క్లోరైడ్, అమ్మోనియం హైడ్రాక్సైడ్, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ పోశావా అంటే పోశా, తేటగానే ఉంది అంది. మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేట్ అంత తేలిగ్గా దిగదు, స్ఫటికం పట్టడానికి ఏదో ఒక ఆధారం కావాలి. గాజు కడ్డీతో ట్యూబ్ లోపలి గోడని గరగరా గీకి కాసేపు వదిలెయ్ అన్నా. సాయంత్రం హాస్టల్ ఫోన్ నుంచే చెప్పింది, గీకిన గీతల వెంబడే తెల్లగా పట్టిందంట. ఇప్పుడు దాని బెంగంతా "గోడ గీకాను" అనేది రికార్డులో ఏ గడిలో రాయాలా అని.